అమ్మమ్మ ఏ ఏడు పుట్టింది?

(విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు ఫోన్ చేసి, "ఇంటి పెద్దావిడ పోయాక ఆవిణ్ణి ఎలా గుర్తుపెట్టుకోవాలి అన్న విషయం మీద ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. నేను రచయిత్రిని కాను. చరిత్ర చదువుకున్నదాన్నీ కాను. గాజువాకలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. అందుకని ఒక లెక్కతోనే మొదలుపెడతాను. ఆ లెక్క మా అమ్మమ్మ వయసు.

అమ్మమ్మ కిందటేడు మార్గశిరంలో పోయింది. లక్ష్మివారం కాకుండా శుక్రవారం పోయిందని మా పిన్నిగారు ఒకావిడ బాధపడింది. ఎందుకంటే అమ్మమ్మ మార్గశిర లక్ష్మివారాలు ఒక్కటి కూడా వదిలేది కాదు. తెల్లవారుజామున బురుజుపేట వెళ్ళి, కనకమహాలక్ష్మి అమ్మవారికి తన చేత్తో పసుపూ కుంకుమా రాసి వచ్చేది. అక్కడ గర్భగుడి అంటూ పైకప్పు లేదు, పూజారి చేత చేయించాల్సిన పనీ లేదు, ఎవరి పూజ వాళ్ళు చేసుకోవచ్చు. "మధ్యలో ఎవడూ ఉండడు, అందుకే ఆ తల్లంటే నాకిష్టం" అనేది. మనుషులతో కూడా ఆవిడ పద్ధతి అదే. మధ్యవర్తులంటే పడదు.

సరే, పదకొండో రోజుకి ఫ్లెక్సీ వేయించాలని మా పెద్దమావయ్య కొడుకు పట్టుబట్టాడు. నాకు ఫ్లెక్సీలంటే ఇష్టం లేదు, కానీ చావింట్లో పంతాలు పెట్టుకోకూడదు కదా. డాబాగార్డెన్స్‌లో ఒక షాపుకి వెళ్ళాం. ఆ కుర్రాడు ఫొటో చుట్టూ పూలదండ పెట్టాడు, వెనకాల మబ్బులు పెట్టాడు, రెండు పావురాలు కూడా పెట్టాడు. తరవాత అడిగాడు: "జననం, మరణం అని రెండు తేదీలు రావాలి మేడమ్. జననం ఏం వెయ్యమంటారు?"

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మా పెద్దమావయ్య కొడుకు ఫోన్‌లో ఉన్న ఆధార్ తీశాడు. అందులో 1943 జనవరి 1 అని ఉంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు తీసి చూడండి, సగం మంది జనవరి ఒకటినే పుట్టి ఉంటారు. తేదీ తెలియని మనిషిని వయసు అడిగి, దాన్నిబట్టి పుట్టిన సంవత్సరం కట్టి, దాని ముందు జనవరి 1 అని పెట్టేస్తారు. ఓటరు కార్డులో వయసు ఇంకొకటి. పాత రేషన్ కార్డులో వేరొకటి. మూడు కార్డులూ కలిపితే మా అమ్మమ్మ మూడుసార్లు పుట్టింది.

ఇది మా ఒక్కింటి సంగతి కాదు. జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. ఇవాళ ఎవరైనా పోతే 21 రోజుల్లోగా నమోదు చేయించాలి అంటే పరుగులు పెడతాం, సర్టిఫికెట్ లేకపోతే బ్యాంకులో పని జరగదు కాబట్టి. మునిసిపాలిటీలో పుస్తకాలు ఆ చట్టానికి ముందూ ఉండేవి. కానీ పాతఊరు కోటవీధిలో మంత్రసాని చేతుల మీద పుట్టిన ఆడపిల్ల కోసం ఎవరు వెళ్ళి రాయిస్తారు? బడికి పంపితే బళ్ళో అయినా ఒక తేదీ పడేది. బడికీ పంపలేదు.

ఫ్లెక్సీ మీద చివరికి మరణం తేదీ ఒక్కటే వేయించాం. కానీ నాకు నిద్రపట్టలేదు. లెక్కల టీచర్ని, సొంత అమ్మమ్మ వయసు కట్టలేకపోయానే అని. అదృష్టం ఏమిటంటే, ఆఖరి నాలుగైదేళ్ళుగా ఆవిడ మాటలు ఫోన్‌లో రికార్డు చేస్తూ వచ్చాను. అదంతా వంటింట్లో, పనుల మధ్య చేసిన రికార్డింగ్. సగం చోట్ల కుక్కర్ విజిల్స్, పాలవాడి కేకలు. ఆ రికార్డింగులు మళ్ళీ మొదటినుంచీ విన్నాను.

మా అమ్మమ్మకి సంవత్సరాలు అంకెల్లో తెలియవు. ఆవిడకి తెలిసినవి బాంబులు పడ్డ ఏడు, కాల్టెక్స్ వచ్చిన ఏడు, ఉక్కు గొడవల ఏడు, దీపాలార్పేసిన నెల. మా అమ్మ కాల్టెక్స్ వచ్చిన ఏడు పుట్టింది. కాల్టెక్స్ అంటే ఇక్కడి చమురు రిఫైనరీ, అది మొదలైంది 1957లో. మా అమ్మ టెన్త్ సర్టిఫికెట్ మీద కూడా 1957 అనే ఉంది. అంటే అమ్మమ్మ క్యాలెండర్ పనిచేస్తుందన్నమాట. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, వెనక్కి వెళ్ళాను.

బాంబులు పడ్డ ఏడు అంటే 1942. ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబో మీద దాడి చేశాయి, మర్నాడు ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. హార్బర్ అప్పటికి తెరిచి పదేళ్ళు కూడా కాలేదు, 1933లో కదా మొదలైంది. బాంబులకంటే భయం ఎక్కువ పనిచేసింది. ఊరు ఖాళీ అయిపోయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే కొంతకాలం గుంటూరుకి తరలిపోయింది. కోటవీధి హార్బర్‌కి ఎంత దగ్గరో మీకు తెలుసు. మా ముత్తవ్వ పిల్లల్ని వెంటేసుకుని పెందుర్తి దాటి సబ్బవరం వైపు బంధువుల ఊరికి బయల్దేరింది.

దీని గురించి అమ్మమ్మ ఏం చెప్పిందో రికార్డింగులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. "నన్ను సంకనెత్తుకుని నాలుగడుగులు ఏసింది. ఆ తరవాత ఏటనుకుందో ఎనక్కెళ్ళి రుబ్బురోలు పొత్రం తెచ్చింది. నన్ను దించీసి పొత్రం ఎత్తుకుందే మాయమ్మ! పిల్లలు మళ్ళీ పుడతారు, పొత్రం మళ్ళీ దొరకదనుకుందేటో!"

(నవ్వులు)

రోలు కోటవీధిలోనే ఉండిపోయింది. పొత్రం ఒక్కటే సబ్బవరం వెళ్ళింది. రోలు లేకుండా పొత్రంతో ఏం చేస్తారో నాకు తెలియదు. కానీ భయంతో ఇల్లు వదిలే మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటుంది. ఎనభై ఏళ్ళు దాటినా అమ్మమ్మకి వాళ్ళమ్మ మీద ఆ కోపం పోలేదు. జపానువాళ్ళ మీద మాత్రం కోపం లేదు.

ఇక నా లెక్క చూడండి. సబ్బవరం దాకా కాకపోయినా, కొంత దూరమైనా నడవగల పిల్ల, దించేస్తే ఏడ్చి గుర్తుపెట్టుకోగల పిల్ల. మూడేళ్ళకి తక్కువ ఉండదు, ఐదేళ్ళకి ఎక్కువ ఉండదు, ఎందుకంటే ఐదేళ్ళు దాటిన పిల్లని ఎవరూ చంకనెత్తుకుని బయల్దేరరు. అంటే పుట్టింది 1937, 39 మధ్యలో. మొదటి కాన్పు పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ మధ్య. అదీ సరిపోతుంది. ఆధార్ కార్డు ప్రకారం బాంబులు పడేనాటికి మా అమ్మమ్మ పుట్టనే లేదు. ప్రభుత్వం మాట వినాలా, పొత్రం మాట వినాలా? నేను పొత్రం మాటే తీసుకున్నాను.

బీచ్‌రోడ్డులో విశాఖ మ్యూజియంలో ఆ దాడిలో పడి పేలని బాంబు ఒకటి పెట్టారు. పిల్లలతో పాటు అమ్మమ్మని కూడా ఓసారి తీసుకెళ్ళాను. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. చీర కొంగు సర్దుకుని, "దీనికోసమేటి నన్నంత దూరం నడిపించీసింది?" అంది. అక్కడి సెక్యూరిటీ ఆయన కూడా నవ్వేశాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇళ్ళలో పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రాసుకోవాలి, రికార్డు చేసుకోవాలి అని అందరూ అంటారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ ఏం అడగాలో తెలియదు. ఒక కాగితం మీద ప్రశ్నలు రాసుకుని కూర్చున్నాను. "అమ్మమ్మా, విశాఖ ఉక్కు ఉద్యమం గురించి నీకేం గుర్తుంది?" అని అడిగాను. "నాకేటి తెలుస్తాదే? నానేమైనా సదువుకున్నానా?" అంది. అయిపోయింది. రికార్డింగ్ నలభై సెకన్లు కూడా లేదు.

ఈ ప్రశ్నలో ఏదో పరీక్ష ఉంది. చదువుకున్న మనవరాలు కాగితం పట్టుకుని అడుగుతోంది, తప్పు చెబితే నవ్వుతుందేమో అని. పుస్తకంలో ఉండే ప్రశ్న అడిగితే, పుస్తకం చదవని మనిషి నోరు మూసుకుంటుంది. అది నాకు వెంటనే అర్థం కాలేదు. చాలా నెలల తరవాత అట్లతద్దికి మా ఇంట్లో పిండి సరిగ్గా పొంగలేదు. నేను విసుక్కుంటుంటే మంచం మీంచి అమ్మమ్మ అంది: "ఉక్కు గొడవలప్పుడు నా పిండి పులిసిపోతే ఏటి సేసినానో తెలుసా?"

ఆ రోజు ఫోన్ గట్టు మీదే ఉంది. నొక్కాను.

ఈ హాల్లో చిన్నవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. ఐదో ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నం తగిన చోటు అని 1965లో బ్రిటిష్, అమెరికన్ నిపుణుల బృందం చెప్పింది. కేంద్రం తేల్చలేదు. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం లేచింది. 1966 అక్టోబరులో అమృతరావుగారు ఇక్కడ నిరాహార దీక్షకి కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథంగారి లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు. విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసింది 1971 జనవరి 20న. ఫ్యాక్టరీని జాతికి అంకితం చేసింది 1992లో. ఇదంతా పుస్తకాల్లో ఉంది.

అల్లిపురంలో ఒక రెండు గదుల ఇంట్లో ఏం జరిగిందన్నది పుస్తకాల్లో లేదు. అమ్మమ్మ అట్లతద్దికని ముందురోజే మినప్పప్పూ బియ్యం నానబోసి రుబ్బి పెట్టుకుంది. కడుపులో మా చిన్నమావయ్య. అయినా చంద్రుడు కనబడే దాకా ఉపవాసం ఉంటానని పంతం. ఆ ఏడాది ఐదిళ్ళ ముత్తయిదువుల్ని వాయనానికి పిలుచుకుంది. తాతయ్య పోర్టులో కళాసీ, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాడు. మధ్యాహ్నం అయ్యేసరికి వీధిలో అరుపులు. తలుపులు వేసుకోమని ఎవరో కేకేసుకుంటూ పోయారు. ఎక్కడో టపాకాయలు పేలినట్టు వినబడింది. దీపావళి ఇంకా రాలేదు కదా, ఇప్పుడే కాలుస్తున్నారేమిటి అనుకుందట.

అంతలో పెరట్లో చప్పుడు. ఒక కాలేజీ కుర్రాడు గోడ దూకి వచ్చి నీళ్ళ గోలెం వెనకాల కూర్చున్నాడు. చొక్కా చిరిగిపోయింది, మోచేతి దగ్గర రక్తం. ఎవరో తెలియదు, పేరు అడగలేదు. "అమ్మా, కాసేపు" అన్నాడంతే. అమ్మమ్మ వాడికి పసుపు రాసి పాతగుడ్డ కట్టింది. వాడు ఆకలిగా ఉన్నాడని మొహం చూస్తే తెలిసింది. పొయ్యి వెలిగించి అట్లు పోసింది. ఉపవాసం ఉన్న మనిషి, చంద్రుడికి చూపించకుండా, వాయనం ఇవ్వకుండా, ముందు ఒక మగపిల్లాడికి రెండట్లు పెట్టేసింది. చీకటి పడ్డాక వాడు మళ్ళీ గోడ దూకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఏమయ్యాడో తెలియదు.

రాత్రి వీధిలోకి రానివ్వలేదు. వాయనానికి పిలిచిన ముత్తయిదువులు ఎలా వస్తారు? పక్కిళ్ళవాళ్ళు మాత్రం గోడల దగ్గరికి వచ్చారు. అమ్మమ్మ పిట్టగోడ మీంచి కొంగు పరిచి ఒకరికి అట్లు అందించింది. ఆవిడ తన పిట్టగోడ మీంచి అవతలావిడకి అందించింది. అలా ఆ వరస ఇళ్ళన్నిటికీ అట్లు వెళ్ళాయి. పిండి మాత్రం పొద్దుటినుంచీ ఉండి పులిసిపోయింది. "అల్లంముక్కా, పచ్చిమిరపకాయలూ దంచి కలిపీసినాను. పులుపు తెలీనేదు" అంది. ఇదీ ఆవిడ చెప్పాలనుకున్న విషయం. నా పిండి సంగతి చూసి ఆ చిట్కా చెబుతోందన్నమాట. కాల్పులూ, కుర్రాడూ, పిట్టగోడలూ ఆ చిట్కాతో పాటు వచ్చాయి.

ఆవిడకి జీవితాంతం ఒక దిగులు మాత్రం ఉండిపోయింది. ఆ కుర్రాడికి రెండు పెట్టేసరికి వాయనంలో పదకొండుకి రెండు తగ్గాయి. మా చిన్నమావయ్య మొండితనానికి కారణం అదేనని ఆవిడ నమ్మకం.

(నవ్వులు)

నేను ఇంటికి వెళ్ళి లెక్క చూసుకున్నాను. టీచర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? 1966లో దీపావళి అమావాస్య నవంబరు 12న వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే ఆశ్వయుజ బహుళ తదియ, అంటే అట్లతద్ది, సరిగ్గా నవంబరు ఒకటి దగ్గరే పడుతుంది. నాకు ఒళ్ళు జలదరించింది. అంకెలు రాని మనిషి తారీకు తప్పలేదు. తప్పే అవకాశం లేదు, ఎందుకంటే పిండి రుబ్బిన రోజు ఆడవాళ్ళు మర్చిపోరు.

అందుకని నేను ప్రశ్నలు మార్చేశాను. "1971 యుద్ధం గుర్తుందా" అని అడగలేదు. "నువ్వు చీకట్లో ఎప్పుడైనా పనిచేశావా" అని అడిగాను. వెంటనే వచ్చింది, దీపాలార్పేసిన నెల. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిపోయింది కదా, అది ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలకీ రెండు మాటలు. అమ్మమ్మకి ఆ గొడవ లేదు. కిటికీలకి నల్లకాగితాలు అంటించి, చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ అడ్డాకు విస్తళ్ళు కుట్టింది. "కళ్ళతో కుట్టినవాటి కంటే అవే బాగొచ్చినాయి, షావుకారు తిప్పి పంపనేదు" అని గర్వంగా చెప్పింది.

విస్తళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే మా ఇల్లు నిలబడింది వాటి మీదే. పాడేరు, అరకు వైపు అడవుల నుంచి అడ్డాకులు మోపులుగా పూర్ణామార్కెట్‌కి వచ్చేవి. మా అమ్మమ్మా, ఆ వీధిలో ఇంకొందరు ఆడవాళ్ళూ మోపులు తెచ్చుకుని, తడి గోనెపట్టా కప్పి ఆకు ఎండిపోకుండా చూసుకుని, సన్నటి పుల్లలతో కుట్టి, ఆరబెట్టి, కట్టలు కట్టి షాపుకి ఇచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్లో మా ఇంట్లో కాలు పెట్టే చోటు ఉండేది కాదట. ఇల్లంతా పచ్చి ఆకు వాసన. మా అమ్మకి ఇప్పటికీ ఆ వాసన వస్తే తలనొప్పి.

తాతయ్య జీతం ఇంటికి రావడానికి మధ్యలో చాలా మలుపులుండేవి. విస్తళ్ళ డబ్బు మాత్రం నేరుగా అమ్మమ్మ చేతికి వచ్చేది. దానితో ఆవిడ చీటీ నడిపింది. చదువు రాదు కదా, లెక్కలెలా? వంటగది తలుపు వెనకాల గోడ మీద బొగ్గుతో. ఒక్కొక్కరికీ ఒక గుర్తు. గాజులావిడకి సున్నా, పాలావిడకి చెంబు బొమ్మ, మా పక్కింటి అప్పమ్మగారికి నిలువు మీద అడ్డం. ఆ గుర్తుల పక్కన నిలువు గీతలు. ప్రతి సంక్రాంతికీ గోడలకి సున్నం వెయ్యాలి. సున్నం పడితే లెక్క పోతుంది. అందుకని భోగికి వారం ముందే బాకీలన్నీ తీరిపోవాలి. "సున్నం వొచ్చీస్తంది, బేగి తెండి" అని వీధంతా తిరిగి చెప్పేదట. నేను క్లాసులో ఆర్థిక సంవత్సరం గురించి చెప్పేటప్పుడు మార్చి 31 బదులు ముందు ఈ గోడ సంగతి చెబుతాను. పిల్లలకి ఒక్కసారికే ఎక్కుతుంది.

పెద్దకర్మ రోజు మా ఇంట్లో భోజనాలు ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ ప్లేట్లలో పెట్టారు. క్యాటరింగ్ ఆయన తెచ్చాడు, ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అమ్మమ్మ ఉంటే మాత్రం ఆ ప్లేటు వెనక్కి తిప్పి చూసి ఒక మాట అనేది. అది ఇక్కడ మైకులో చెప్పలేను.

ఆ రోజు మాట్లాడిన చుట్టాలందరూ ఆవిణ్ణి దేవత అన్నారు. త్యాగమూర్తి అన్నారు. ఒక పెద్దాయనైతే భూదేవి దాకా వెళ్ళారు. నాకు కొంచెం ఊపిరాడలేదు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని కాదు. ఆ మాటలు ఎవరికైనా సరిపోతాయి. పక్కింటావిడ ఫొటో పెట్టినా అవే మాటలు సరిపోతాయి. మా అమ్మమ్మ అయితే తగువులమారి. పూర్ణామార్కెట్‌లో పావలా దగ్గర పావుగంట వాదించేది. నచ్చని మనిషి ఇంటికొస్తే నీళ్ళిచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపొమ్మని మొహాన చెప్పేది. చేపల పులుసు వండితే వంజరం నడుమ్ముక్కలు మనవలకి, తలా తోకా మనవరాళ్ళకి. నేను అడిగితే "నువ్వు ముల్లు తీసుకోగలవు, ఆ ఎదవలకి రాదు" అనేది. అది మెచ్చుకోలో, మోసమో నాకిప్పటికీ తేలలేదు.

ఇది నవ్వుకునే విషయం. నవ్వలేని విషయం ఇంకొకటి ఉంది. మా అమ్మ టెన్త్‌లో బాగా మార్కులు తెచ్చుకుంది. ఆ పైన చదివించలేదు. పద్దెనిమిదికే పెళ్ళి చేసేశారు. అమ్మ ఎప్పుడు అడిగినా అమ్మమ్మ ఒకటే మాట, "అప్పుడు డబ్బుల్లేవే." కానీ గోడ మీద గుర్తులన్నీ మా అమ్మకి వచ్చు. చిన్నప్పుడు ఆ గీతలు లెక్కపెట్టి చెప్పేది తనే. ఆ ఏడాది చీటీ డబ్బు ఉందని అమ్మకి తెలుసు. అది పెదమావయ్య చదువు కోసం దాచారు. తరవాత పాతికేళ్ళకి నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి వెళ్తానంటే ఇంట్లో అందరూ వద్దంటే, ట్రంకుపెట్టె అడుగున ఉన్న డబ్బు తీసి నా చేతిలో పెట్టింది ఈ అమ్మమ్మే. అప్పుడు మా అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఈ రెండూ ఒక మనిషే చేసింది. నేను చదువుకున్నాను కాబట్టి మొదటిది చెల్లిపోయిందని అనను. మా అమ్మ తరఫున ఆ మాట అనే హక్కు నాకు లేదు. కానీ దేవత అనేస్తే ఈ రెండూ పోతాయి. మా అమ్మ కోపం కూడా పోతుంది. ఆ కోపం మా ఇంటి చరిత్రలో ముఖ్యమైన భాగం. పెద్దకర్మ రోజు మా అమ్మ మాట్లాడలేదు. అందరూ ఏడుపు ఆపుకోలేక అనుకున్నారు.

హుద్‌హుద్ తుపాను గురించి అడుగుతారని తెలుసు, విశాఖలో ఏ సభైనా హుద్‌హుద్ లేకుండా ముగియదు. 2014 అక్టోబరు 12. అప్పటికి అమ్మమ్మకి డెబ్బై అయిదు దాటాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, గ్యాస్ అయిపోయినవాళ్ళకి కొత్త సిలిండర్ లేదు. మా అపార్ట్‌మెంటులో చదువుకున్నవాళ్ళం టెన్షన్‌తో సెల్లార్‌లో తిరుగుతుంటే ఆవిడ మూడు ఇటుకలు పెట్టి, పడిపోయిన చెట్ల కొమ్మలు విరిపించి, గంజి కాచింది. తడి పుల్లలు కదా, పొగే పొగ. మూడో అంతస్తు ఇంజనీరుగారు ఊదుగొట్టం జీవితంలో మొదటిసారి పట్టుకున్నారు. అంతకంటే దాన్ని పెద్దది చెయ్యను.

ఆఖరి నెలల్లో ఆవిడ మాటలు కలిసిపోయాయి. నన్ను వాళ్ళ చెల్లి పేరుతో పిలిచేది. మధ్యాహ్నం తిన్నది సాయంత్రానికి గుర్తుండేది కాదు. అయినా పనసపొట్టు కూరలో ఆవపెట్టు ఎప్పుడు వెయ్యాలి అంటే మాత్రం తడబడేది కాదు, పొయ్యి దించాక వెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది. ఆ కూర మాట దగ్గర మొదలుపెడితే ఆవిడ పెళ్ళి భోజనాల దాకా వెళ్ళేది. పెళ్ళి భోజనాల నుంచి పెళ్ళికి రాని మేనమామ దాకా. ఆయన ఎందుకు రాలేదో అడిగితే ఒక పొలం తగాదా. ఆ తగాదాలో మా కుటుంబం సగం అర్థమవుతుంది. డాక్టర్లు దీన్ని ఏమంటారో నాకు అనవసరం, నాకు మాత్రం ప్రశ్న ఏ వైపు నుంచి వెయ్యాలో తెలిసింది.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళకి నా అనుభవం నుంచి ఒకటి రెండు చెబుతాను. కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చోవద్దు. చేతిలో చిక్కుడుకాయలో, కందిపప్పు చేటో ఉంటే మంచిది, కళ్ళు దాని మీద ఉంటాయి, నోరు దానంతటదే నడుస్తుంది. ఏడు అడగొద్దు. అప్పుడు ఎవరు కడుపులో ఉన్నారు, ఎవరికి పాలు మాన్పించారు, ఇంట్లో ఏ పండగ దగ్గర్లో ఉంది అని అడగండి. తరవాత ఆ పండగ ఏ తేదీన వచ్చిందో పాత పంచాంగంలో మీరే చూసుకోవచ్చు. చెప్పింది తప్పనిపిస్తే అక్కడే దిద్దొద్దు. మా అమ్మమ్మ చెప్పినవాటిలో పుస్తకాలకి సరిపోనివి చాలా ఉన్నాయి. హార్బర్‌లో మొదటి ఓడ తన పెళ్ళి తరవాత వచ్చిందని ఆవిడ వాదన. అప్పటికి ఆవిడ పుట్టను కూడా లేదు. బహుశా షిప్‌యార్డులో ఏదో ఓడని నీళ్ళలోకి వదలడం చూసి ఉంటుంది. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే మళ్ళీ ఇంకో కథ దొరుకుతుంది. రికార్డింగులు ఒక్క ఫోన్‌లోనే ఉంచొద్దు, ఇంట్లో ఇంకో ఇద్దరికి పంపండి. ముఖ్యంగా, ఆవిడ మీద కోపం ఉన్నవాళ్ళకి కూడా పంపండి. మా అమ్మ అవన్నీ వింటోంది. వింటూ మధ్యమధ్య ఆపి, "ఇది అబద్ధం, రాసుకో" అంటోంది. రాసుకుంటున్నాను.

టైమ్ అయిపోయిందని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే... ఆ, వెనక వరసలో అమ్మగారు చెయ్యెత్తారు. ఏమిటమ్మా? అల్లిపురమే మీది కూడానా? ఆ రోజు సాయంత్రం వాన పడిందంటున్నారా? చంద్రుడు కనబడనే లేదా? మా అమ్మమ్మ వాన మాట చెప్పలేదండీ. బాబూ, ఆ మైకు అమ్మగారికివ్వు. చెప్పండమ్మా, ఆ రోజు మీ ఇంట్లో ఏం వండారు?